వయసు మీరిన హైబ్రిడ్ వాహనం: పోషణ, మరమ్మతు

ఉత్తర అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో కారు తరచుగా ఒక తరం నుంచి మరొక తరానికి సంక్రమిస్తుంది. తండ్రి పదేళ్లపాటు ఉద్యోగానికి నడిపిన బండి, ఆ తరువాత విశ్వవిద్యాలయంలో చేరిన కుమారునికో, కుమార్తెకో దక్కుతుంది. కొత్తగా చదువుకు వచ్చిన మేనల్లుడు చవకగా దొరికిందని కొనుక్కునేదీ అటువంటి పాత బండినే. అలా చేతులు మారిన వాహనాలలో 2005 నుంచి 2012 వరకు తయారైన చిన్నతరహా హైబ్రిడ్ ఎస్‌యూవీలు కూడా ఉన్నాయి.

ఇటువంటి బండి ఒక వేసవి మధ్యాహ్నం రహదారి మీద పోతుండగా ఎర్రని దీపం వెలిగి, "స్టాప్ సేఫ్లీ నౌ" అన్న హెచ్చరిక కనిపించి, శక్తి తగ్గి ఆగిపోయిందనుకుందాం. బండిని మరొక వాహనానికి తగిలించి కార్ఖానాకు చేరుస్తారు. అక్కడ ఎవరో ఒకరు "ఇది హైబ్రిడ్ కదా, బ్యాటరీ పోయి ఉంటుంది, మార్చాలంటే వేల డాలర్లు" అంటారు. ఆ మాటతో కుటుంబం నిరాశపడి, బండిని తుక్కు ధరకు వదిలించుకుంటుంది. నిజానికి లోపం ఒక చిన్న నీటి పంపుది కావచ్చు. ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడమంటే ఇదే.

పాతబడిన హైబ్రిడ్ వాహనంలో అందరికంటె ముందు నింద మోసేది పెద్ద బ్యాటరీ. కాని పరీక్షించవలసిన వరుసలో దాని స్థానం చివరిది. ఆ వరుస ఏమిటో, ఇంటి యజమాని ఎంతవరకు చేయి పెట్టవచ్చో, ఎక్కడ ఆగిపోవాలో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఉదాహరణగా ఫోర్డ్ సంస్థ వారి ఎస్కేప్ హైబ్రిడ్‌ను తీసుకోవడం జరిగింది. దాని తోబుట్టువులైన మెర్క్యురీ మారినర్, మాజ్దా ట్రిబ్యూట్ హైబ్రిడ్ వాహనాలకు కూడా ఇందులోని విషయాలు చాలావరకు వర్తిస్తాయి.

హైబ్రిడ్ అనగా నేమి?

హైబ్రిడ్ అన్న మాట తెలుగు రైతుకు కొత్తది కాదు. హైబ్రిడ్ జొన్న, హైబ్రిడ్ పత్తి విత్తనాల ద్వారా అది ఏనాడో పల్లెలకు చేరింది. రెండు జాతుల మంచి గుణాలను ఒకచోట చేర్చినది సంకర విత్తనం. రెండు రకాల శక్తి జనకాలను ఒకే చట్రంలో చేర్చినది సంకర వాహనం. ఒకటి పెట్రోలుతో నడిచే ఇంజను, రెండవది విద్యుత్తుతో నడిచే మోటారు.

వీటి సంబంధాన్ని జోడెడ్ల బండితో పోల్చవచ్చు. ఇంజను నిలకడగా దూరం లాగగల ఎద్దు. కాని నిలిచిన చోటు నుంచి కదిలేటప్పుడు, పట్టణపు వీధులలో ఆగుతూ సాగుతూ నడిచేటప్పుడు అది మేత ఎక్కువ తింటుంది. విద్యుత్ మోటారు నిలిచిన చోటు నుంచే పూర్తి బలంతో లాగగలదు. కాని దాని మేత నిలువ తక్కువ. ఎప్పుడు దేనిని ముందుకు తోలాలో నిర్ణయించే బండివాడు కంప్యూటరు.

ఎస్కేప్ హైబ్రిడ్ 2004లో, 2005 నమూనాగా విపణిలోకి వచ్చింది. మిస్సోరీ రాష్ట్రంలోని కాన్సస్ సిటీ కర్మాగారంలో తయారైంది. మొదట దీనిలో 2.3 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజను ఉండేది. ఇంజను, మోటారు కలిసి 155 అశ్వశక్తిని ఇచ్చేవి. 2009 నమూనా నుంచి 2.5 లీటర్ల ఇంజను అమర్చడంతో అది 177 అశ్వశక్తికి పెరిగింది. ఈ రూపంలో ఎస్కేప్ హైబ్రిడ్ తయారీ 2012 నమూనాతో ముగిసింది. న్యూయార్క్, శాన్ ఫ్రాన్సిస్కో నగరాలలో ఈ బండ్లు 2005 నుంచి టాక్సీలుగా తిరిగాయి. వాటిలో కొన్ని 3 లక్షల మైళ్లు దాటినట్లు నమోదైంది. తగిన పోషణ ఉంటే ఈ యంత్రం ఎంతకాలం నిలవగలదో చెప్పడానికి ఆ టాక్సీలే సాక్ష్యం.

యంత్రం లోపలి ఏర్పాటు

మరమ్మతుకు ముందు యంత్రం తీరు తెలియాలి. సాధారణ కారులో ఉండే కొన్ని భాగాలు ఇందులో కనిపించవు. ఇంజనును తిప్పి లేపే ప్రత్యేకమైన స్టార్టరు లేదు. చిన్న బ్యాటరీని నింపే ఆల్టర్నేటరు లేదు. మెట్లు మెట్లుగా మారే గేర్లూ లేవు.

వీటి స్థానంలో రెండు విద్యుద్యంత్రాలు, వాటిని ఇంజనుతో కలిపే ప్లానెటరీ గేర్ల అమరిక ఉన్నాయి. నడుమ సూర్యుని వలె ఒక చక్రం, దాని చుట్టూ గ్రహాల వలె తిరిగే చిన్న చక్రాలు, వీటన్నిటినీ చుట్టి ఒక పెద్ద పళ్ల వలయం ఉండటం వలన ఆ పేరు వచ్చింది. నడిమి చక్రానికి జనరేటరు, చిన్న చక్రాలను మోసే చట్రానికి ఇంజను, బయటి వలయానికి మోటారు, బండి చక్రాలు అనుసంధానమై ఉంటాయి. జనరేటరు వేగాన్ని పెంచి తగ్గించడం ద్వారా, బండి ఎంత వేగంతో పోతున్నా ఇంజనును దానికి అనువైన వేగంలో ఉంచవచ్చు. ఇంజనును లేపవలసినప్పుడు కూడా ఈ జనరేటరే మోటారుగా మారి దానిని తిప్పుతుంది.

బ్రేకు వేసినప్పుడు సాధారణ కారులో బండి వేగమంతా వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. హైబ్రిడ్‌లో మోటారు జనరేటరుగా పనిచేసి, ఆ శక్తిలో కొంత భాగాన్ని బ్యాటరీకి చేరుస్తుంది. సుమారు 1,640 కిలోల బరువున్న ఈ బండి గంటకు 60 మైళ్ల వేగంలో ఉన్నప్పుడు దాని గతిశక్తి సుమారు 0.16 కిలోవాట్ గంటలు. పెద్ద బ్యాటరీ మొత్తం సామర్థ్యం సుమారు 1.8 కిలోవాట్ గంటలు మాత్రమే. అంటే ఇది దూర ప్రయాణానికి నింపుకున్న ధాన్యపు గాదె కాదు. ఒక చేత పోస్తూ మరొక చేత తీస్తూ ఉండే చేట వంటిది.

ఈ పెద్ద బ్యాటరీ బండి వెనుక భాగంలో, సామాను పెట్టే నేల కింద ఉంటుంది. టార్చిలైటులో వేసే పెద్ద సెల్ పరిమాణంలో ఉన్న నికెల్ మెటల్ హైడ్రైడ్ విద్యుద్ఘటాలు 250 వరుసగా కలిసి, 330 వోల్టుల విద్యుత్ పీడనాన్ని ఇస్తాయి. కంప్యూటరు ఈ బ్యాటరీని పూర్తిగా నింపదు, పూర్తిగా ఖాళీ కానివ్వదు. సుమారు 40 నుంచి 60 శాతం మధ్యనే ఉంచుతుంది. దాని దీర్ఘాయువుకు ముఖ్యకారణం ఈ మితాహారమే.

ఇది కాక, ఏ కారులోనైనా ఉండే 12 వోల్టుల చిన్న బ్యాటరీ కూడా ఉంటుంది. ఇంజనును తిప్పే బరువైన పని దానికి లేదు. కంప్యూటర్లను మేల్కొలిపి, పెద్ద బ్యాటరీని మిగిలిన యంత్రంతో కలిపే స్విచ్చులను మూయడం దాని పని. గాదె నిండా ధాన్యమున్నా తాళంచెవి పోతే పొయ్యి మీదికి బియ్యం రావు. చిన్న బ్యాటరీ ఆ తాళంచెవి.

ఇంకొక విశేషం: ఈ బండిలో చల్లబరిచే ద్రవ వలయాలు రెండు. ఒకటి ఇంజనుది. రెండవది మోటారును నడిపే విద్యుత్ సామగ్రిది. ఈ రెండవ వలయంలో ద్రవాన్ని తిప్పేది విద్యుత్తుతో నడిచే ఒక చిన్న పంపు. పెద్ద బ్యాటరీకి మాత్రం గాలితోనే చలువ.

దాటకూడని గీత

ఏ పనికైనా ముందు భద్రత. ఈ వాహనంలో నారింజ రంగు తొడుగు ఉన్న ప్రతి తీగా అధిక పీడన విద్యుత్తును మోస్తుంది. 300 వోల్టులకు పైబడిన ఏకముఖ విద్యుత్తు ప్రాణాంతకం. చేయి తగిలితే కండరాలు బిగుసుకుని, విడిపించుకోవడం కూడా కష్టమవుతుంది. అందుచేత ఇంటి వద్ద పని చేసుకునేవారికి సూత్రం ఒక్కటే: నారింజ రంగు తీగ వద్ద ఆగాలి. ఆ తీగలను గాని, అవి చేరే పెట్టెలను గాని విప్పరాదు.

శిక్షణ పొందిన నిపుణుడు సైతం ముందుగా బ్యాటరీ పైనున్న విచ్ఛేద స్విచ్చుతో దానిని విడదీసి, లోపలి కెపాసిటర్లలో నిలిచిన విద్యుత్తు తగ్గేవరకు వేచి ఉంటాడు. 1,000 వోల్టులకు పరీక్షించిన రబ్బరు చేతి తొడుగులు ధరిస్తాడు. మీటరుతో కొలిచి, విద్యుత్తు లేదని నిర్ధారించుకున్న తరువాతనే చేయి పెడతాడు. ఇది నేర్చుకోకుండా చేయదగిన పని కాదు.

మరొక ప్రమాదం నిశ్శబ్దం. తాళం తిప్పి ఉన్నప్పుడు ఇంజను శబ్దం లేకపోయినా బండి కదలడానికి సిద్ధంగానే ఉండవచ్చు. బ్యాటరీ తగ్గితే ఇంజను హఠాత్తుగా దానంతటది లేస్తుంది. కనుక ముందు మూత ఎత్తి చేయి పెట్టే ముందు తాళంచెవిని తీసి జేబులో వేసుకోవాలి. అదే కారణం చేత, మూసిన గరాజులో తాళం వేసి ఉంచిన బండిని మరచి లోపలికి పోరాదు. ఇంజను లేచి, వాసన లేని కార్బన్ మోనాక్సైడు వాయువు ఇంట్లోకి వ్యాపించవచ్చు.

నిత్య పోషణ

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న సామెత యంత్రాలకు బాగా వర్తిస్తుంది. ఈ కింది పనులలో ఏదీ పెద్ద ఖర్చుతో కూడినది కాదు.

ఇంజను నూనె: 5డబ్ల్యు-20 రకం వాడాలి. ఇంజను మాటిమాటికీ ఆగుతుంది కనుక నూనె చాలాకాలం ఉంటుందన్న భావన సరికాదు. చిన్న చిన్న ప్రయాణాలలో ఇంజను పూర్తిగా వేడెక్కదు. అందువల్ల నూనెలో తేమ, ఇంధనపు అంశాలు చేరుతాయి. మైళ్లు నిండకపోయినా, పుస్తకంలో చెప్పిన నెలల గడువు నిండితే మార్చడమే మంచిది.

కూలెంటు ద్రవం: రెండు వలయాలనూ చూడాలి. ఇంజను వలయాన్ని మార్చి, రెండవదానిని మరచిపోవడం తరచుగా జరిగే పొరపాటు. వాహనపు పుస్తకంలో పేర్కొన్న రకాన్నే పోయాలి. పని పూర్తయిన తరువాత గొట్టాలలో గాలి బుడగలు మిగలకుండా చూడాలి. విద్యుత్ సామగ్రి వలయంలో గాలి చిక్కుకుంటే ద్రవం తిరగక, కొత్త పంపు సైతం ప్రయోజనం ఇవ్వదు.

బ్యాటరీకి గాలి: 2005 నుంచి 2008 వరకు వచ్చిన నమూనాలలో పెద్ద బ్యాటరీని చల్లబరచడానికి వెనుక వైపు ప్రత్యేకమైన ఏర్పాటు ఉంది. ఎడమ వైపు వెనుక అద్దం వద్ద ఉన్న గాలి ద్వారం దానిదే. లోపల ఒక జల్లెడ కూడా ఉంటుంది. దుమ్ముతో అది మూసుకుపోతే బ్యాటరీకి ఊపిరి ఆడదు. ఈ నమూనాలలో కారు ఎయిర్ కండిషనరే బ్యాటరీకి కూడా చలువనిస్తుంది. కాబట్టి ఎయిర్ కండిషనరు పాడైతే "కిటికీలు తెరుచుకుంటే సరిపోతుందిలే" అనుకోవడం తగదు. టెక్సస్, అరిజోనా వంటి ఎండ ప్రాంతాలలో ఆ అశ్రద్ధ బ్యాటరీ ఆయుష్షును తగ్గిస్తుంది. 2009 నుంచి ఈ ఏర్పాటు మారింది. ఏ నమూనా అయినా గాలి దారి ఎక్కడున్నదో పుస్తకంలో చూసుకుని, సామానుతో దానిని కప్పకుండా ఉండాలి.

బ్రేకులు: మోటారే బండి వేగాన్ని చాలావరకు తగ్గిస్తుంది కనుక బ్రేకు దిమ్మలు త్వరగా అరగవు. ఈ మేలులోనే ఒక కీడు ఉంది. వాడకం తక్కువ కావడం వల్ల చక్రపు పళ్లేలు తుప్పు పడతాయి, బ్రేకు జారే మేకులు బిగుసుకుపోతాయి. మంచు కరిగించడానికి ఉప్పు చల్లే రాష్ట్రాలలో ఇది మరీ ఎక్కువ. ఏటా ఒకసారి విప్పి, శుభ్రం చేసి, తగిన గ్రీజు రాయించాలి. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకునే స్వభావం కలది. దానిని రెండు మూడేళ్లకొకసారి మార్చడం మంచి అలవాటు. ఈ బండిలో బ్రేకులను కంప్యూటరు కూడా నియంత్రిస్తుంది. కనుక ఆ పనిని హైబ్రిడ్‌లు తెలిసిన చోటనే చేయించాలి.

స్పార్కు ప్లగ్గులు: వీటి గడువు సుమారు లక్ష మైళ్లు. పాత బండి ఏటవాలులో కుదుపులు పెడితే "హైబ్రిడ్ వ్యవస్థ చెడింది" అని అనుకోవడం పరిపాటి. పెక్కుసార్లు దోషం ప్లగ్గులోనో, దానికి నిప్పురవ్వనిచ్చే కాయిలులోనో ఉంటుంది. అది ఏ సాధారణ కారుకైనా వచ్చే జలుబు వంటి జబ్బే.

చికిత్సకు ఒక వరుస

మంచి వైద్యుడు జ్వరం వచ్చిందనగానే శస్త్రచికిత్సకు పూనుకోడు. నాడి చూస్తాడు, నాలుక చూస్తాడు. హెచ్చరిక దీపం వెలిగినప్పుడు కూడా చవకైన పరీక్షల నుంచి ఖరీదైన వాటికి పోవాలి.

మొదటి మెట్టు: చిన్న బ్యాటరీ. పది, ఇరవై డాలర్ల మీటరుతో ఎవరైనా దీనిని కొలవవచ్చు. బండి కొన్ని గంటలు విశ్రాంతిగా ఉన్న తరువాత 12.6 వోల్టుల దరిదాపులలో ఉంటే నిండుగా ఉన్నట్లు. 12.2 కంటె తక్కువ ఉంటే సగం ఖాళీ అయినట్లు. బండి సిద్ధంగా ఉందని తెలిపే పచ్చని దీపం వెలిగిన తరువాత అది 13.5 వోల్టులకు పైగా చూపాలి. అప్పుడు కూడా పెరగకపోతే, అధిక పీడనాన్ని 12 వోల్టులకు దించే భాగం పనిచేయడం లేదని అనుమానించాలి. చిన్న బ్యాటరీ నీరసిస్తే కంప్యూటర్లకు తగిన శక్తి అందక, పరస్పర సంబంధం లేని నాలుగైదు దీపాలు ఒకేసారి వెలుగుతాయి. చూసేవారికి బండి అంతా పాడైందనిపిస్తుంది. కొత్త 12 వోల్టుల బ్యాటరీ వేసి, కొనలను శుభ్రం చేస్తే సమస్య తీరిపోవచ్చు.

రెండవ మెట్టు: సంకేత సంఖ్యలు. 1996 నుంచి అమెరికాలో అమ్మిన ప్రతి కారులోను స్టీరింగు కింది భాగంలో పరీక్షా ద్వారం ఉంటుంది. దానికి తగిలించే చదువరి పరికరం కొద్దిపాటి ఖర్చుతో దొరుకుతుంది. అయితే చవక పరికరాలు ఇంజనుకు సంబంధించిన సంఖ్యలనే చదువుతాయి. హైబ్రిడ్ విభాగపు సంఖ్యలను చదవడానికి ఆ వాహనానికి తగిన పరికరం కావాలి. దీపం ఆరిపోవాలని సంఖ్యలను ముందే చెరిపివేయరాదు. రోగి చెప్పిన లక్షణాలను వినకముందే చెరిపినట్లవుతుంది. ముందుగా కాగితం మీద రాసుకోవాలి.

మూడవ మెట్టు: విద్యుత్ సామగ్రిని చల్లబరిచే పంపు. ఆరంభంలో చెప్పిన దృశ్యానికి ఎస్కేప్ వాహనాలలో తరచుగా కారణమయ్యేది ఇదే. పంపు ఆగితే సామగ్రి వేడెక్కుతుంది. తనను తాను రక్షించుకోవడానికి కంప్యూటరు బండిని ఆపివేస్తుంది. అరగంట చల్లబడిన తరువాత బండి ఏమీ జరగనట్లు మళ్లీ లేస్తుంది. పది మైళ్లు పోయాక మళ్లీ ఆగుతుంది. వేడిలో ఆగడం, చల్లబడి లేవడం పంపు దోషానికి ముఖ్య లక్షణం. బండి పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు ఆ వలయపు తొట్టి మూత తీసి, తాళం తిప్పి చూస్తే ద్రవం కదులుతున్నదీ లేనిదీ తెలుస్తుంది. వేడిగా ఉన్నప్పుడు మూత తీస్తే ద్రవం ఎగజిమ్మి ఒళ్లు కాలుతుంది. పంపు తిరగకపోతే ముందు దాని ఫ్యూజును, రిలేను చూడాలి. అవి బాగుంటే పంపును మార్చాలి. పెద్ద బ్యాటరీ ఖరీదులో ఇది చిన్న భాగం.

నాలుగవ మెట్టు: గాలి దారి. జల్లెడ, పంకా, ఎయిర్ కండిషనరు మూడింటినీ పరీక్షించాలి. బ్యాటరీ వేడెక్కిందని తెలిపే సంఖ్య వచ్చినంత మాత్రాన బ్యాటరీ చెడినట్లు కాదు. దానికి చలువ అందడం లేదని కూడా దాని అర్థం కావచ్చు.

ఈ నాలుగు మెట్లు దాటిన తరువాతనే పెద్ద బ్యాటరీ వైపు చూడాలి. కార్ఖానా యజమాని బ్యాటరీ పోయిందన్నప్పుడు అడగవలసిన ప్రశ్నలు మూడు. ఏ సంకేత సంఖ్య వచ్చింది? చిన్న బ్యాటరీ ఎన్ని వోల్టులు చూపింది? పెద్ద బ్యాటరీ దోషాన్ని ఏ కొలతతో నిర్ధారించారు? ఈ మూడింటికీ సమాధానం కాగితం మీద ఇవ్వగలవారే ఈ పని తెలిసినవారు.

వీటితోపాటు, వాహనపు 17 అక్షరాల గుర్తింపు సంఖ్యతో, తయారీదారు ఉచితంగా సరిచేయవలసిన లోపాలేమైనా మిగిలి ఉన్నాయేమో ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ వద్ద తెలుసుకోవాలి. ఉదాహరణకు 2008 నుంచి 2011 వరకు వచ్చిన అనేక ఎస్కేప్ వాహనాలను స్టీరింగుకు తోడ్పడే విద్యుత్ వ్యవస్థలోని లోపం కారణంగా 2014లో వెనక్కి పిలిచారు. చేతులు మారిన బండిలో ఆ పని జరిగిందో లేదో కొత్త యజమానికి తెలియకపోవచ్చు.

స్వదేశ ప్రయాణానికి ముందు

తెలుగు కుటుంబాలకు ప్రత్యేకించి చెప్పవలసిన విషయమొకటి ఉన్నది. పెళ్లికో, పెద్దలను చూడటానికో ఐదారు వారాలపాటు ఆంధ్రకో, తెలంగాణకో వెళ్లినప్పుడు బండి కదలకుండా ఉండిపోతుంది. ఆ కాలంలో గడియారం, దొంగల గంట వంటివి చిన్న బ్యాటరీని కొద్దికొద్దిగా తాగుతూ ఉంటాయి. నికెల్ మెటల్ హైడ్రైడ్ ఘటాలకు వాడకపోయినా వాటంతటవే క్షీణించే గుణం ఉన్నది. అన్నీ ఒకే తీరున క్షీణించవు కనుక, దీర్ఘకాలం నిలిపితే వాటి మధ్య హెచ్చుతగ్గులు ఏర్పడతాయి.

దీనికి ఉత్తమమైన ఉపాయం, వారానికో పది రోజులకో ఒకసారి బండిని అరగంట నడిపిపెట్టమని నమ్మకమైన మిత్రుని కోరడం. అది వీలుకాకపోతే చిన్న బ్యాటరీకి కాపలా ఛార్జరు తగిలించడమో, దాని తీగను విప్పడమో చేయాలి. వీలైనంతవరకు ఎండ తగలని చోట నిలపాలి. తిరిగి వచ్చిన తరువాత బండి లేవకపోతే కంగారుపడనక్కరలేదు. ముందుగా చిన్న బ్యాటరీని నింపి చూడాలి. తొలి నమూనాలలో, పెద్ద బ్యాటరీ బాగా తగ్గిపోతే చిన్న బ్యాటరీ నుంచి దానికి కొద్దిపాటి శక్తిని అందించే మీట డ్రైవరు కాళ్ల వద్ద ఒక మూత చాటున ఉంటుంది. వాడే పద్ధతి వాహనపు పుస్తకంలో ఉన్నది. ఆ పుస్తకాన్ని బండిలోనే ఉంచుకోవడం అవసరం.

పెద్ద బ్యాటరీ నిజంగా అలసినప్పుడు

ఎంత మితాహారమైనా వార్ధక్యం తప్పదు. నిండుదనాన్ని చూపే ముల్లు కొద్ది నిమిషాలలోనే అడుగుకు పడి, మళ్లీ పైకి లేవడం, ఇంజను ఇదివరకటిలా ఆగకుండా ఎల్లవేళలా తిరగడం, ఒకప్పుడు దొరికిన మైలేజీ గణనీయంగా తగ్గడం దాని లక్షణాలు. తగిన పరికరంతో చూసినప్పుడు ఘటాల సమూహాల మధ్య వోల్టులలో ఎక్కువ తేడా కనిపిస్తే దోషం నిర్ధారణ అయినట్లే.

అప్పుడు మూడు మార్గాలున్నాయి. పునర్నిర్మించిన బ్యాటరీని హామీతో కొనడం ఒకటి. తుక్కు దుకాణంలో దొరికే పాత బ్యాటరీని కొనడం రెండవది. చెడిన ఘటాలను మాత్రమే మార్పించడం మూడవది. పాత బ్యాటరీ చవక. కాని దాని వయస్సు కూడా బండి వయస్సే. ముసలి ఎద్దును అమ్మి మరో ముసలి ఎద్దును కొన్నట్లు కావచ్చు. కొన్ని ఘటాలనే మార్చినప్పుడు, కొత్త పాతల మధ్య సామర్థ్యపు తేడా వల్ల కొద్దికాలానికే పక్క ఘటాలు చెడవచ్చు. హామీ కాలం ఎంత, బిగించే కూలి అందులో కలిసి ఉందా అన్నవి ముందే అడిగి తెలుసుకోవాలి.

ఖర్చు పెట్టాలా వద్దా అన్నది భావోద్వేగంతో కాక లెక్కతో తేల్చుకోవలసిన విషయం. సంవత్సరానికి 12,000 మైళ్లు నడిపే కుటుంబానికి గాలనుకు 30 మైళ్లు ఇచ్చే బండి 400 గాలన్లు తాగుతుంది. 20 మైళ్లు ఇచ్చేది 600 గాలన్లు తాగుతుంది. తేడా 200 గాలన్లు. గాలను ధర మూడున్నర డాలర్లనుకుంటే ఏటా 700 డాలర్లు మిగులు. బ్యాటరీ ఖర్చును ఈ మొత్తంతో భాగిస్తే అది ఎన్నేళ్లలో తిరిగి వస్తుందో తెలుస్తుంది. బండి అన్నేళ్లు నిలుస్తుందా అన్నది తరువాతి ప్రశ్న.

ఆ ప్రశ్నకు సమాధానం బండి కిందనే ఉంటుంది. మంచు రాష్ట్రాలలో తిరిగిన వాహనాన్ని పైకెత్తించి, చట్రాన్ని, వెనుక చక్రాల పైనున్న లోహాన్ని తుప్పు కోసం పరీక్షించాలి. మూలస్తంభాలు చెద తిన్న ఇంటికి కొత్త తలుపులు బిగించడం దండగ. తుప్పు లేక, ఇంజను ఆరోగ్యంగా ఉన్న బండికి మాత్రం బ్యాటరీ మార్పించడం కొత్త కారు వాయిదాల కంటె లాభసాటి కావచ్చు. విడిచిన పాత బ్యాటరీని చెత్తలో వేయరాదు. అందులోని నికెల్ తిరిగి వాడుకోదగిన లోహం. దానిని అమ్మినవారికో, గుర్తింపు పొందిన పునర్వినియోగ కేంద్రానికో అప్పగించాలి.

ఉపసంహారం

పాత హైబ్రిడ్ వాహనం అంతుచిక్కని మాయాయంత్రం కాదు. దానిలో సగం ఏ మెకానిక్కుకైనా తెలిసిన సాధారణ కారు. రెండవ సగంలో కూడా ఎక్కువ ఇబ్బందులు పంపు, జల్లెడ, చిన్న బ్యాటరీ వంటి చిన్న భాగాల వల్లనే వస్తాయి. నారింజ తీగల గీత దాటకుండా, చవక పరీక్ష నుంచి ఖరీదైన పరీక్షకు వరుసగా నడిస్తే ప్రాణానికి రక్షణ, డబ్బుకు ఆదా రెండూ సిద్ధిస్తాయి.

ఇంట్లో ఒక నోటు పుస్తకం పెట్టి, ఏ తేదీన, ఎన్ని మైళ్ల వద్ద, ఏ పని జరిగిందో రాసి ఉంచడం అన్నిటికంటె చవకైన మరమ్మతు. తండ్రి నుంచి కుమార్తెకు బండి తాళంచెవితో పాటు ఆ పుస్తకం కూడా చేరాలి. దూరప్రాంతంలోని కళాశాలకు వెళ్లే పిల్లలకు, దీపం వెలిగినప్పుడు బండిని పక్కకు ఆపడం, మీటరుతో చిన్న బ్యాటరీని కొలవడం, సంకేత సంఖ్యను రాసుకోవడం, ఎవరైనా "బ్యాటరీ పోయింది" అంటే "ఎలా తెలిసింది?" అని నిదానంగా అడగడం నేర్పి పంపితే చాలు. పదిహేనేళ్లు కుటుంబాన్ని మోసిన బండి ఒక చిన్న పంపు కోసం తుక్కులో కలవకుండా ఉంటుంది.